ఇత్తడి మేకు ఏ వైపు?

నేను అంగడి మూసింది వైరాగ్యంతో అనుకునేవాళ్ళు అలాగే అనుకోండి, నాకూ మర్యాదగా ఉంటుంది. అసలు కారణం కంట్లో శుక్లం. మాది చుక్కలు పెట్టి జోస్యం చెప్పే పని. ఇసుకలో ఒక చుక్క ఉందా, రెండున్నాయా అన్నదాని మీదే మా శాస్త్రమంతా నిలబడింది. నా కంటికేమో ఒక్క చుక్క రెండుగా కనపడడం మొదలైంది. నాలుగు వరుసల్లోనూ రెండేసి చుక్కలొస్తే ఆ బొమ్మను జమాత్ అంటాం. అంటే గుంపు, జనం. వారం రోజులు ఎవరొచ్చినా నాకు జమాతే పడింది. ఎద్దు తప్పిపోయినవాడికీ, ఉద్యోగం రానివాడికీ, పంటినొప్పి వాడికీ అందరికీ ఒకటే చెప్పాను: "మీ ఇంటికి జనం వస్తారు."

పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నా మాట నమ్మి ఐదు శేర్ల బియ్యం నానబోసింది. ఎవరూ రాలేదు. రెండోనాడు ఆమే క్యాను నిండా దోసెల పిండి మోసుకొచ్చి నా ముందు పెట్టింది.

"జనం రాల్యా దస్తగిరప్పా. పిండి పులుస్తాంది. నువ్వే జనమనుకోని తిను."

మా ఇంటామె బీబమ్మ మూడు రోజులు దోసెలు పోసి, నాలుగో రోజు నన్ను కంటి ఆస్పత్రికి లాక్కుపోయింది. డాక్టరు ఆపరేషను చేసి మందు రాసిచ్చాడు. ఏమిటయ్యా అంటే కంట్లో వేసుకునే చుక్కలు!

"ఇసుకలో సుక్కలు పెట్టి ఊరందరికీ సుక్కలు సూపించినావు కదా, ఇంగ నీ కంట్లో నువ్వే ఏసుకో" అంది బీబమ్మ.

అదీ నా పదవీ విరమణ. ఎమ్మిగనూరు నుంచి ఇద్దరు, ఆదోని నుంచి ఒకరు ఈ పని నేర్పమని తిరుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పదహారు బొమ్మల పేర్లు యాడైనా దొరుకుతాయి. దొరకనివి నా తప్పులు. వాటిలో ఒకటి పెద్దది. నాకు పేరు తెచ్చిందే ఆ తప్పు. పదకొండేళ్ళు, నాకు ఈ పని నేర్పిన ఉస్తాద్‌కూ బీబమ్మకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో ఆమెకు అసలే చెప్పలేదు. ఇసుక పళ్ళెం ఇంకొకరి చేతికి ఇచ్చే ముందు అది తేల్చుకోవాలని పట్టుబట్టాను.

ఒకటీ రెండూ వస్తే చాలు

మా నాయన ఆదోనిలో దూదేకేవాడు. నేను ఐదో తరగతిలో ఎక్కాల దగ్గర బడికి సలాం కొట్టి ఆయన వెనక పరుపులు కుట్టడానికి తిరిగాను. అలా ఒకనాడు దావూద్ సాబ్ ఇంటికి పరుపు దూది ఏకడానికి పోయాం. ఆయన వరండాలో చెక్క పళ్ళెం, దానినిండా తుంగభద్ర ఇసుక. వేలితో టకటకా చుక్కలు పెట్టి, రెండేసి చుక్కలు కొట్టేసి, చివరికి ఒకటి మిగిలిందా రెండు మిగిలాయా చూస్తున్నాడు. "ఇంతేనా లెక్క?" అన్నాను. "ఇంతే" అన్నాడు. ఏడు తొమ్మిదులెంతో అక్కర లేని చదువు లోకంలో ఒకటుందని ఆనాడే తెలిసింది. ఆయన్ను ఉస్తాద్ అన్నాను.

ఈ శాస్త్రం పేరు రమల్. అరబ్బీలో రమల్ అంటే ఇసుకే. ఎడారిలో పుట్టిందనీ, ఒక ప్రవక్తకు దేవదూత వేలితో ఇసుకలో గీసి నేర్పాడనీ ఉస్తాద్ చెప్పేవాడు. ఒంటెల మీద పారశీకం పోయి, గుర్రాల మీద దక్కనుకొచ్చి, కోటల్లో నవాబుల పక్కన కూర్చుని, చివరికి మా ఆదోని బస్టాండు పక్కన నా రేకుల అంగట్లో దిగింది. దారిలో సంస్కృతం కూడా నేర్చుకుంది. పండితులు దీన్ని రమల శాస్త్రమంటారు. మా పత్తి షావుకార్లు ఇంకో అడుగు ముందుకేసి "రాముల శాస్త్రం" అనేవాళ్ళు. "రాముడు సీతమ్మను వెదికేకి వాడినాడంట కదా దస్తగిరీ?" అని ఒక షావుకారు అడిగితే, "హనుమంతుడు దొరకక ముందు" అన్నాను. ఆయన నమ్మి దండం పెట్టుకున్నాడు. ఇలాంటి అబద్ధాలు నేను చాలా చెప్పాను. మీరు చెప్పకండి, నాలాగా నవ్వకుండా చెప్పడం అందరికీ రాదు.

పుట్టిన తేదీ లేనివాళ్ళు

మంత్రాలయంలో నాకొక జ్యోతిష్యుడు స్నేహితుడు. ఆచారి అంటాను, ఆయన నన్ను ఇసుక సాయిబు అంటాడు. ఇద్దరి సామానూ సగం ఒకటే. ఆయనకు పన్నెండు ఇళ్ళు, నాకూ పన్నెండు. ఆయనకు ఏడో ఇల్లు కళత్రం, నాకూ ఏడో ఇంట్లోనే మొగుడో పెళ్ళామో ఉంటారు. నా ప్రతి బొమ్మకూ ఒక గ్రహం ఉంది. బయాజ్ అనే తెల్ల బొమ్మకు చంద్రుడు, హుమ్రా అనే ఎర్ర బొమ్మకు కుజుడు, ఉక్లా అనే కట్టుముడికి శని. తేడా ఒక్కటే. ఆయనకు పుట్టిన గడియ కావాలి. నాకు అడిగిన గడియ చాలు.

మా పడమటి పల్లెల్లో పుట్టిన గడియ ఎవరికి తెలుసు? ఆధార్ కార్డు చూస్తే సగం ఊరు జనవరి ఒకటినే పుట్టింది.

"అందరిదీ ఒకే జాతకం సామీ, ఒకరిది రాసి జిరాక్సులు తీయి" అని ఆచారిని ఏడిపించేవాణ్ణి.

"అందుకేరా వాళ్ళను నీ కాడికి తోలేది. జాతకం లేనోళ్ళకు ఇసుకే గతి" అనేవాడు.

మాట ఎగతాళిదే గానీ నిజం. నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఏ పుస్తకంలోనూ గడియ రాయించుకోనివాళ్ళు. వాళ్ళకు ప్రశ్న పుట్టిన గడియే పుట్టిన గడియ.

త్రాసు చూసేది, చూడనిది

నాలుగు బొమ్మలు వేసి, వాటిని అడ్డంగా నిలువుగా కలుపుతూ పోతే పదిహేనో బొమ్మ వస్తుంది. దాని పేరు మీజాన్, అంటే త్రాసు. అందులో చుక్కలు ఎప్పుడూ సరిసంఖ్యే. బేసి వచ్చిందా, ఎక్కడో కూడిక తప్పింది. కొత్తలో నాకు ఒకసారి ఏడు చుక్కల మీజాన్ వచ్చింది. వచ్చినాయనకు తెలియదులే అని గంభీరంగా చెప్పబోతుంటే వెనక నుంచి ఉస్తాద్ వీపు మీద ఒకటి ఇచ్చాడు.

"ఇసుక తప్పు చెప్పదురా. బేసి ఇసుకది కాదు, నీ వేలిది. చెరిపెయ్."

అప్పటినుంచి నా మీజాన్ బేసి రాలేదు. వచ్చినా చెరిపి మళ్ళీ వేశాను. అయితే త్రాసు పట్టలేని తప్పు ఒకటుంది. మా బొమ్మల్లో కొన్ని జంటలు. దాఖిల్ అంటే లోపలికి వచ్చేది, కోర్టులో కేసు దాఖలు చేసినట్టు. ఖారిజ్ అంటే బయటికి పోయేది. ఉదాహరణకు ఖబ్జ్, అంటే పట్టు. చెరువు స్థలాలను ఖబ్జా చేస్తారే, ఆ మాటే. పై నుంచి రెండు, ఒకటి, రెండు, ఒకటి ఉంటే ఖబ్జ్ దాఖిల్: చేతికి వస్తుంది. దాన్నే తలకిందులు చేస్తే ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఖబ్జ్ ఖారిజ్: చేజారుతుంది. చుక్కల లెక్క మారదు, త్రాసు కదలదు. పళ్ళేనికి ఈ పక్క కూర్చుంటే వచ్చేది, ఆ పక్క కూర్చుంటే పోయేది.

అందుకే ఉస్తాద్ పళ్ళేనికి తలవైపున ఒక ఇత్తడి మేకు కొట్టి ఇచ్చాడు. "మేకు నీకు ఎదురుగా ఉండాల. నీ పొట్ట దిక్కు ఉంటే నోరు తెరవొద్దు" అన్నాడు. ఇది గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

గంజి కుండ

పెద్ద తప్పుకు ముందు చిన్నదొకటి. ఎమ్మిగనూరులో ఒక మగ్గాల ఇంట్లో కమ్మ పోయింది. ఒక్కటే కమ్మ, బంగారుది. బొమ్మ వేస్తే బయాజ్. తెలుపు, నీళ్ళు, చంద్రుడు. అప్పటికి నాకు మీసాలు కొత్త, నోరు పాతది. "తెల్లటి మనిషి, నీళ్ళ కాడ" అని చెప్పి ఊరుకున్నాను. ఆ ఇంట్లో తెల్లటి మనిషి చిన్న కోడలు ఒక్కతే. నీళ్ళు మోసేదీ ఆమే. రెండు రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. మూడోనాడు నూలుకు పెట్టే గంజి కుండ అడుగున కమ్మ దొరికింది. తెల్లటిదే, నీళ్ళలోనే. బొమ్మ తప్పలేదు. మనిషి అన్న మాట నేను చేర్చింది.

క్షమించమని పోతే ఆ చిన్న కోడలు గడపలో నిలబడి, "ఈసారి నల్లటి వస్తువేదన్నా పోతే సెప్పన్నా, మా ఆయప్పను పట్టిస్తా" అంది. ఆమె మొగుడు మగ్గం గుంటలోంచి తల పైకెత్తి, "నేనేం సేసినా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేను తప్ప. ఆనాటినుంచి పోయిన వస్తువు ఎక్కడుందో చెప్పానేమో గానీ, ఎవరు తీశారో చెప్పలేదు. మీరూ చెప్పకండి. ఎవరు ఎంత ఇచ్చినా సరే.

ఎండ తిరిగిన పొద్దు

ఇక అసలు సంగతి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, చంకలో సంచి, చేతిలో నీళ్ళ సీసాతో ఒకామె అంగడి ముందుకు వచ్చింది.

"ఈడ కూసోవచ్చునా అప్పా?"

"కూసునేకే బెంచీ ఏసింది తల్లీ. ప్రశ్న ఏమి?"

ఆమె నన్నూ పళ్ళేన్నీ కాసేపు చూసింది. పేరు ఈరమ్మ, కోసిగి పక్క పల్లె. మా దిక్కున పంటలు లేని నెలల్లో ఊళ్ళు ఖాళీ అయి పనికి వలసపోతాయి, దాన్ని సుగ్గికి పోవడం అంటాం. ఈరమ్మ మొగుడు హనుమంతు మిరపకాయల కోతకని గుంటూరు దిక్కు సుగ్గికి పోయాడు.

"పద్దెనిమిది దినాలాయప్పా, ఫోన్ పలకల్యా. పనికి తోలకపోయిన మేస్త్రీని అడిగితే బాగుండాడు, బాగుండాడు అంటాడు. బాగుండేటోడు మాట్లాడల్ల కదా?"

"ఏం తెలియాల నీకు?"

"వస్తాడా, రాడా? అంతే. ఇద్దరు బిడ్డలుండారు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడుపు లేనివాళ్ళను చూస్తే నాకు భయం. భయమేస్తే నేను హాస్యమాడతాను, అదీ నా జబ్బు. బొమ్మలన్నీ వేశాను, మీజాన్ సరిగ్గా వచ్చింది. మిగతావన్నీ చెరిపి, ఏడో ఇంటి బొమ్మ ఒక్కటే పళ్ళెం నడుమ పెద్దదిగా వేశాను. ఇంతలో ఎండ తిరిగి నా ముఖాన కొట్టింది. లేచి, పళ్ళేనికి అవతల, బెంచీ వైపు నీడలోకి వచ్చి కూర్చుంటూ అన్నాను:

"మొగోళ్ళ ఫోనూ మన ఊరి కరెంటూ ఒకటేనమ్మా. పోయినాయంటే వాటంతట అవి రావల్ల గానీ, మనం ఎంత ఒత్తినా లాభంల్యా."

ఆమె సన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ఉబ్బిపోయి, అదే ఊపులో బొమ్మ చదివేశాను. పై నుంచి ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఖబ్జ్ ఖారిజ్.

"చేజారతాండాడమ్మా. నువ్వు ఎదురు సూస్తా కూసుంటే వచ్చే మనిషి కాదు."

ఆమె బొమ్మ వైపు ఒకసారి, బస్టాండు వైపు ఒకసారి చూసి సంచి చంకన పెట్టుకుంది. "సరేప్పా, వస్తా" అని పోయింది. మన మాటే అంత. పోయేవాళ్ళందరూ వస్తా అనే పోతారు.

పళ్ళెం చదును చేయబోతే చేతికి ఇత్తడి మేకు తగిలింది. నా పొట్ట దిక్కున ఉంది.

ఉరికాను. చెప్పులు కూడా లేవు. టీ బండి మనిషి, "సంచి పట్టుకున్న ఆయమ్మనా? కర్నూలు బస్సెక్కె కదా, ఇప్పుడే పాయె" అన్నాడు. నేను ఏం చేశాను? వస్తాడని చెప్పాల్సింది రాడని చెప్పి, ఇద్దరు బిడ్డల తల్లిని ఊరుగాని ఊరికి తోలాను. అతను ఈ దారిన వస్తే ఆమె ఆ దారిన పోయి ఉంటుంది. ఫోన్ నంబరు అడగలేదు. పల్లె పేరు సరిగ్గా వినలేదు. నేను చెప్పిన కరెంటు మాట మాత్రం గుర్తుంది.

ఇరవై రోజులు అన్నం సయించలేదు. బీబమ్మ, "తిరగేసి సదివినావు కదా, ఆయమ్మా తిరుక్కోని వస్తాదిలే తిను" అనేది. నేను ప్రతి కర్నూలు బస్సూ చూసేవాణ్ణి.

దొంగ పేరు

ఒకనాడు బస్టాండు గేటులోంచి ఇద్దరూ వచ్చారు. మోకాలి దాకా కట్టుతో, చంక కర్రతో హనుమంతు. వెనక అదే సంచితో ఈరమ్మ. చేలో పడి కాలు విరిగింది, ఫోను ట్రాక్టరు కింద నలిగింది. మేస్త్రీ ఎవరో నాటు వైద్యుడి చేత పసరు కట్టించి, పని ఆగిపోతుందని ఎవరికీ చెప్పకుండా పాకలో పడుకోబెట్టాడు. ఈరమ్మ ఊరూరూ అడుగుతూ పోయి, పాక వెదికి, పెద్దాస్పత్రిలో చేర్చింది.

"అప్పా, నువ్వు రాడన్నావంట!" అన్నాడు హనుమంతు నా చేతులు పట్టుకుని. "అందుకే ఈయమ్మ ఉరికొచ్చినాది. ఇంగ రెండు దినాలు లేటయింటే కాలు తీసేయాల్సి వస్తాండె అని డాక్టరే అనె. వస్తాడులే అని నువ్వు సెప్పింటే ఈయమ్మ ఇంటికాడే కూసునేది, నా కాలు పోయేది!"

ఈరమ్మ సంచి విప్పింది. ఎండుమిరపకాయల మూట బెంచీ మీద పెట్టి, "కారం ఎక్కువ, సూసి ఏసుకోండి" అంది.

చెప్పాల్సింది ఆ నిమిషమే. నోటిదాకా వచ్చింది. హనుమంతు అప్పటికే బస్టాండులో వినేవాళ్ళందరికీ నా గొప్ప చెబుతున్నాడు. నేను నోరు మూసుకున్నాను. బతుకులో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదీ తప్పు చోట. నెల తిరిగేసరికి కోసిగి దిక్కునుంచి జనం బస్సు దిగి నేరుగా నా అంగడికే వచ్చారు.

ఉస్తాద్ దగ్గరికి పోయి ఒప్పుకున్నాను. అప్పటికి ఆయన మంచంలో ఉన్నాడు. అంతా విన్నాడు.

"దాఖిల్ పడింది. మనిషి చేతికొచ్చినాడు. ఇసుక సరిగ్గానే చెప్పింది. నువ్వు తప్పు చదివినావు, ఆమె సరిగ్గా పోయింది."

"అయితే నడుమ నేనెందుకు ఉస్తాద్?"

"అది నేను యాభై ఏండ్ల నుంచి ఆలోచిస్తాండా" అన్నాడు.

నాకు తెలిసింది

ఇసుకకు అన్నీ తెలుసునా అని మీరు అడుగుతారు. ఇసుకకు తెలిసేదేదో నాకు తెలియదు. వచ్చిన మనిషి పావుగంట నిలకడగా కూర్చుని, తన ప్రశ్నను ఒక్క మాటలో అడగాల్సి రావడం మాత్రం చూశాను. చాలామంది ఆ ఒక్క మాట వెదుక్కోవడంలోనే జవాబు పట్టుకుని లేచిపోయారు. ఈరమ్మ తర్వాత నేను చుక్క పెట్టే ముందు ప్రతి ఒక్కరినీ అడిగాను: "అవునంటే ఏం చేస్తావు? కాదంటే ఏం చేస్తావు?" రెంటికీ ఒకటే జవాబు చెప్పినవాళ్ళకు టీ పోయించి, పళ్ళెం ముట్టకుండా పంపాను. జబ్బు అన్నవాళ్ళకు ముందు ఆస్పత్రి దారి చూపించాను. ఇప్పుడు ఫోన్లో కూడా రమల్ వచ్చిందట. ఫోను ఎటు తిప్పినా బొమ్మ తనంతట తాను తిరిగి తలపైకి నిలబడుతుందట. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా అసూయ వేసింది.

కోసిగి పక్కన

కన్ను బాగయ్యాక, బీబమ్మ వద్దంటున్నా, కోసిగి బస్సెక్కాను. అక్కడ దిగి పక్క పల్లెకు నడిచి ఇల్లు అడిగితే అందరికీ తెలుసు. కాలు విరిగిన హనుమంతు అనరు, రాడన్న హనుమంతు అంటారు. అతను కొంచెం కుంటుతూ ఎదురొచ్చి మంచం వాల్చాడు. ఈరమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మరమరాలు పెట్టారు, ముట్టలేదు. ముందు నేల మీద పడిన దుమ్ములో వేలితో ఆ బొమ్మ వేశాను.

"సూడమ్మా. ఈ పక్కనుంచి సూస్తే వస్తాడు. ఆ పక్కనుంచి సూస్తే రాడు. ఆ పొద్దు నేను పక్క మారి కూసున్నా. నీకు పడింది వస్తాడనే. తలకిందులుగా సదివి రాడని సెప్పినా. పదకొండేండ్లుగా నీ పేరు మీద బతికినా. తప్పయింది."

హనుమంతు నోరు తెరిచి బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు, రెండు పక్కలనుంచీ చూశాడు. ఈరమ్మ మాత్రం కాయలు ఒలవడం ఆపలేదు.

"సరిగ్గా సదివి, వస్తాడని సెప్పింటే ఏం సేసేదానివమ్మా?" అని అడిగాను. 

ఈరమ్మ చేటలో పొట్టు ఊదేసి నా వైపు చూసింది.

"పోయేదాన్నే. పొద్దున ఇంటికి బీగమేసి, బిడ్డలను మాయమ్మ కాడ ఇడిసే వచ్చింటి కదప్పా. కర్నూలు బస్సుకు ఇంగా గంట టైముండె. బస్టాండులో యాడా నీడల్యా, నీ అంగట్లో బెంచీ ఉండె. ఊరికే కూసుంటే లేపుతావేమో అని ఒక ప్రశ్న అడిగినా."